ఏడో డ్రాయింగు

మొదటి క్లాసులో నేను చెప్పే మాటలు పద్నాలుగేళ్ళుగా మారలేదు. "ఇది స్క్రీను. ఈ నల్లటి జాగా అంతా మీ డ్రాయింగు షీటే, దీనికి అంచు లేదు. కింద ఉన్న గడిలో కమాండ్ టైప్ చేస్తే గీత పడుతుంది. లైన్ అంటే గీత, సర్కిల్ అంటే వృత్తం, ట్రిమ్ అంటే ఎక్కువైంది కత్తిరించడం." ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని ఆలోచిస్తూ కూడా ఇదంతా తప్పు లేకుండా చెప్పగలను. చాలాసార్లు అలాగే చెప్పాను.

మా కాలేజీ సత్తెనపల్లి వెళ్ళే దారిలో, పత్తి చేల మధ్య ఉంటుంది. నేను గుంటూరు బ్రాడీపేటలో కాలేజీ బస్సెక్కితే గంట ప్రయాణం. మార్చిలో దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. అద్దాలు మూసినా తుమ్ములు ఆగవు, ముక్కు తుడుచుకుంటూ దిగి ల్యాబుకి వెళ్తాను. ల్యాబులో ముప్పై కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో ఇరవై రెండు పనిచేస్తాయి, మిగతావి తనిఖీ వాళ్ళు వచ్చినప్పుడు చూపించడానికి.

కంప్యూటరు మీద మెషీను భాగాలు గీయడం నేర్పే ఈ క్యాడ్ ల్యాబు అంటే మా దగ్గర పన్నెండు డ్రాయింగులు. నాకంటే ముందు పనిచేసినాయన రికార్డులో ఉన్న పన్నెండే నాకు వచ్చాయి, నా నుంచి పిల్లలకు వెళ్ళాయి. బోర్డు మీద అంకెలన్నీ నేనే వేస్తాను. సున్నా కామా సున్నా, ఎంటర్, కొలతలన్నీ మొదలయ్యే చోటు అది. నూట ఇరవై కామా సున్నా, ఎంటర్. పిల్లలు వాటిని ఎక్కాల్లా బట్టీ పడతారు. పరీక్షలో ఆ పన్నెండులో ఒకటి వస్తుంది, వచ్చిన అంకెలు వచ్చినట్టు కొడితే బొమ్మ పడుతుంది. రానివాడు పక్కవాడి ఫైలు తెచ్చుకుని మూలన పేరు మార్చుకుంటాడు. అడిగితే ఎవరూ కాపీ కొట్టలేదంటారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. మొదట్లో పట్టుకుని తిట్టేదాన్ని, తర్వాత ఓపిక పోయింది.

రెండేళ్ళ కింద ఫైనలియర్‌లో ఒక అమ్మాయి ఉండేది. మెకానికల్ బ్రాంచిలో అరవైమందికి ఆడపిల్లలు నలుగురు, వాళ్ళలో ఈమె ఒకతి. వాళ్ళ నాన్న సత్తెనపల్లిలో చేలకు మందు కొట్టే పంపులు బాగుచేస్తాడు. చిన్నప్పటి నుంచీ ఆ పంపుల మధ్యే పెరిగిన పిల్ల కనుక మెషీన్ల పని తప్ప ఇంకేదీ వద్దనేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని స్టాఫ్ రూములో నవ్వేవాళ్ళం. కానీ పన్నెండు డ్రాయింగులూ ఆమెకు కంఠతా వచ్చు. ఏడోది, అంటే ఇరుసు తిరిగే బేరింగు కూర్చునే దిమ్మ, పదకొండు నిమిషాల్లో గీసేది. నా శిష్యురాలని నేను అందరికీ చెప్పుకున్నాను.

చదువు అయిపోగానే ఆమె తోటివాళ్ళంతా బ్రాడీపేట కోచింగు సెంటర్లలో సాఫ్టువేరు నేర్చుకోవడానికి చేరారు. ఆమె ఇంట్లో ఒక నెల గడువిచ్చారు. ఈ నెలలో మెషీన్ల పని దొరికితే సరి, లేకపోతే ఆమె కూడా కోచింగుకి వెళ్ళాలి. నెల అయిపోవస్తుండగా గుంటూరులో ఒక వర్క్‌షాపు నుంచి పిలుపు వచ్చింది. పత్తి జిన్నింగు మిల్లులకూ కారం మిల్లులకూ విరిగిన భాగాలు మళ్ళీ తయారుచేసిచ్చే చోటు అది. ఆ భాగాలు చూసి కంప్యూటరులో గీసిపెట్టే మనిషి కావాలన్నారట. శనివారం పరీక్షకు వెళ్తున్నానని నాకు ఫోను చేసి చెప్పింది. నీకేం భయం, కళ్ళు మూసుకుని గీస్తావు అన్నాను.

సోమవారం పొద్దున్నే ల్యాబు తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో అన్నం క్యారేజీ సంచి. అందులోంచి నూనె మరకల గుడ్డలో చుట్టిన ఇనుప ముక్క తీసి నా టేబులు మీద పెట్టింది. కారం మిల్లులోంచి ఊడదీసిన బేరింగు దిమ్మ అది. ఒక పక్క పగిలిపోయింది.

"ఓనరు గారు ఇది ఇచ్చి గియ్యమన్నారు మేడం. కొలుచుకోడానికి పక్కన వెర్నియర్ కూడా పెట్టారు," అంది.

"మరి గీశావా?"

"గీశాను. పన్నెండు నిమిషాలే పట్టింది. మన ఏడో డ్రాయింగు గీశాను మేడం. చూడటానికి అట్టాగే ఉందిగా. కొలవాలని నాకు తట్టలేదు."

ఓనరు స్క్రీను వైపు చాలాసేపు చూశాడట. బొమ్మ బాగుందమ్మా, కానీ ఇది నా దిమ్మ కాదుగా అన్నాడట. మంచివాడు కనుక వెళ్ళగొట్టలేదు. ముక్క చేతికిచ్చి, గురువారంలోగా దీన్ని గీసుకురా, అప్పుడు చూద్దాం అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. వెర్నియర్ తెప్పించి, కూర్చో, కొలుద్దాం అన్నాను. ఆమె కంప్యూటరు తెరిచి, అలవాటుగా సున్నా కామా సున్నా కొట్టి ఆగిపోయింది.

"దీని మీద సున్నా ఎక్కడుంటది మేడం?"

నేను దిమ్మను దగ్గరికి లాక్కుని మూలలు వెతికాను. నా పన్నెండు డ్రాయింగుల్లోనూ సున్నా ఎడమవైపు కింది మూలన ఉంటుంది. ఈ దిమ్మకు ఆ మూలే పగిలిపోయింది. మూలలన్నీ పోత పోసినప్పుడే గుండ్రంగా వచ్చాయి. నేను ఎం.టెక్. చేశాను, అప్పటికి పన్నెండేళ్ళుగా క్యాడ్ చెబుతున్నాను, ఒక వస్తువును ముందు పెట్టుకుని దాన్ని చూసి గీయడం నా జీవితంలో ఒక్కసారి కూడా చేయలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా అమ్మ అంటుండేది, ఆ మాట నా కోసమే పుట్టిందనిపించింది.

మా కాలేజీ వర్క్‌షాపులో ఒక పెద్దాయన ఇనప ముక్కలు అరగదీసి అమర్చే ఫిట్టింగు పని నేర్పుతాడు. కంప్యూటరు ముట్టుకోడు. మమ్మల్ని చూస్తే, ఏసీ రూముల వాళ్ళొచ్చారే అని వెక్కిరిస్తాడు. వేరే దారి లేక ఇద్దరం ఆయన దగ్గరికి వెళ్ళాం. ఆయన ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని పని ఏంటమ్మా?" అని ఆమెను అడిగాడు.

"బేరింగును పట్టుకోవడం అండి."

"మరి బేరింగు కూర్చునే బెజ్జం నడుమ నుంచి కదా కొలవాల్సింది. మూలల్తో నీకేం పని? ముందు కాగితం మీద మొరటుగా గీసుకో. కొలిచిన ప్రతిదీ దాని మీద రాసుకో. ఆ తర్వాత వెళ్ళి మీ డబ్బా ముందు కూర్చోండి." నా వైపు తిరిగి, "మీకు తెలీదని కాదు మేడం గారూ," అన్నాడు మర్యాదకి.

మూడు రోజులు మధ్యాహ్నం భోజనం మానేసి కొలిచాం. పగిలిన వైపు ఎంత ఉండేదో మిగిలిన వైపు చూసి లెక్కగట్టాం. తప్పులు చేశాం. ఒకసారి ప్రింటు తీసి దాని మీద దిమ్మను పెడితే, బొమ్మ దిమ్మకంటే చిన్నగా వచ్చింది. కాగితానికి సరిపెట్టమని ప్రింటరుకు మేమే చెప్పామని తెలుసుకోవడానికి గంట పట్టింది. మొత్తానికి బాగా అలిసిపోయాం. కానీ అది క్లాసులు చెప్పి అలిసిపోయే అలుపులా లేదు. బుధవారం సాయంత్రం దిమ్మను మళ్ళీ ప్రింటు మీద పెడితే బెజ్జం మీద బెజ్జం కుదిరింది. ఆమె వేలితో దిమ్మ చుట్టూ మెల్లగా తడిమింది.

గురువారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. వెనక లేతు మిషను మోత.

"తీసుకున్నారు మేడం. రేపట్నించే రమ్మన్నారు. నాన్నక్కూడా చెప్పేశాను," అంది. "మీరు లేకపోతే నాకు వచ్చేది కాదు."

ఆ మాటకు నేను సంతోషించాను. బస్సు ఎక్కేదాకా సంతోషంగానే ఉన్నాను. కిటికీ పక్కన కూర్చున్నాక ఇంకో పిల్లవాడు గుర్తొచ్చాడు.

ఈ అమ్మాయికి చాలా ఏళ్ళ ముందటి బ్యాచి. అతనికీ పన్నెండూ కంఠతా వచ్చు. ఉద్యోగానికని తాడేపల్లి అవతల ఏదో ఫ్యాక్టరీకి వెళ్ళి, వారం తర్వాత ల్యాబుకి వచ్చాడు. "అక్కడ వస్తువిచ్చి గియ్యమన్నారు మేడం, నావల్ల కాలేదు. ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి," అని అడిగాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పలేదు. నీకు ప్రాక్టీసు చాల్లేదు, పన్నెండూ మళ్ళీ మొదటి నుంచి గియ్యి అన్నాను కోపంగా.

అతను నా మాట నమ్మాడు. ఖాళీగా ఉన్న కంప్యూటరు ముందు కూర్చుని నెల రోజులు గీశాడు. రోజూ వెళ్ళేముందు, ఇవాళ ఇంకా తొందరగా అయిపోయింది మేడం అని నాకు చెప్పి వెళ్ళేవాడు.