పదహారేళ్ళ పిల్లకు పంతొమ్మిదని చెప్పాను

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరట మీకందరికీ వందనాలు. ఈ సంఘంలో నన్ను ప్రార్థనాపరురాలని అంటారు గాని, అదే నోటితో ఈ మందిరంలోనే అబద్ధమాడిన దాన్ని కూడా నేనే! మా పెద్దమ్మాయి మేరీ పెళ్ళి ప్రకటనకు పేరిచ్చేటప్పుడు మన సంఘ కాపరి అయ్యగారు వయసడిగితే, మంచి సంబంధం చెయ్యి జారిపోతుందన్న భయంతో పదహారేళ్ళ పిల్లకు పంతొమ్మిదని చెప్పాను. మూడు ఆదివారాలు ఆ ప్రకటన చదువుతుంటే తలవంచుకుని కూర్చున్నాను.

పెళ్ళయిన కొద్ది నెలలకే దానికి నెల తప్పింది. ఊరికి వచ్చే నర్సమ్మగారికీ అదే వయసు చెప్పాను, ఒకసారి చెప్పాక మార్చేదెలా? రక్తం తక్కువుంది, నెలనెలా బీపీ చూపించండి అని ఆవిడ చెప్పినా నేను చూపించలేదు. ఎనిమిదో నెలలో ముఖమూ కాళ్ళూ వాచాయి. తల పగిలిపోతోందే అమ్మా, కళ్ళు మసకలే అంటే, కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలేనన్నాను. పైగా కాన్పు సుఖంగా జరగాలని శుక్రవారం ఉపవాస కూటానికి దాన్ని పస్తుంచి మరీ తీసుకొచ్చాను!

పాట మధ్యలో పిల్ల వెనక్కి విరుచుకుపడింది, కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది, నోట నురగ వస్తోంది, నేనేమో దురాత్మ పట్టిందనుకుని నుదుట నూనె రాసి "యేసు నామంలో నా బిడ్డను వదిలిపో!" అని అరుస్తున్నాను, దాని పెదాలు నల్లబడుతున్నాయి. అయ్యగారు నా చెయ్యి పట్టి లాగేశారు.

"దయ్యం కాదమ్మా, ఇది గుర్రపువాతం, కడుపుతో ఉన్నవాళ్ళకి బీపీ పెరిగితే వచ్చే ఫిట్స్. మా చెల్లెలు ఇలాగే పోయింది. ప్రార్థన ఆటోలో చేద్దాం, ముందు లేవండి!"

కాలవగట్టు మీద ఆటో ఎగిరెగిరి పడుతోంది, నా ఒళ్ళో పిల్లకు మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. "ప్రభువా, అబద్ధమాడింది నేను, దీనికింకా పదిహేడు నిండలేదయ్యా, శిక్ష నాకు వెయ్యి" అని ఏడ్చాను. ముందు కూర్చున్న అయ్యగారు విన్నారు.

రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరమ్మగారు ఇంజెక్షన్లు చేస్తూనే, "ఒళ్ళు ఎదగని పిల్లకి కాన్పంటే తల్లికీ బిడ్డకీ గండమేనండి. ఇద్దరూ దక్కుతారని మాటివ్వలేను" అని సంతకం పెట్టించుకున్నారు. ఆపరేషన్ చేసి తీసిన పసిగుడ్డుకు ఏడ్చే ఓపిక కూడా లేదు, అద్దాలపెట్టెలో పెట్టారు. మేరీకి తెలివి రాలేదు. రెండు రోజులు ఆ వరండాలో నేను పడ్డ బాధ శత్రువుకు కూడా వద్దు! మూడో రోజు కళ్ళు తెరిచి, "పాపేదే అమ్మా?" అంది. దేవునికే మహిమ! నెల తర్వాత ఇద్దర్నీ ఇంటికి తెచ్చుకున్నాను.

సహోదరులారా, నేను నూనె రాస్తూ ఉండిపోతే పిల్ల చచ్చిపోయేది. దేవుడు అయ్యగారి చేత నన్ను లేపించాడు, డాక్టరమ్మగారి చేత బతికించాడు. ఆయన్ని నమ్ముకోండి, ఆయన ముందు నిజం చెప్పండి. పదో తరగతి చదివే కూతురికి సంబంధం ఖాయం చేసుకున్న తల్లి ఒకామె ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని ఉంది, పేరు చెప్పను. అమ్మా, రేపు పొద్దున్నే మీ ఇంటికి వస్తాను. తిట్టినా, ఆ పెళ్ళి ఆపేదాకా వెళ్ళను.