చుట్టేస్తే చాప, విప్పితే కౌంటరు

“పాపని ఎక్కిస్తారా అండీ, బల్లని ఎక్కిస్తారా? రెండూ అంటే వెనకాల కూర్చున్నవాళ్ళని దింపెయ్యాలి మరి,” అన్నాడు ముక్తేశ్వరం సెంటర్లో ఆటో అతను. తమాషాకే అన్నాడు. ఆటోలో వాళ్ళు కూడా నవ్వారు. ఒక చంకలో పాప, ఇంకో చేతిలో కాళ్ళు మడవడానికి వీల్లేని ప్లాస్టిక్ బల్లతో నిలబడిన నేను మాత్రం ఏది ఎక్కించాలా అని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను. ఆ తర్వాత రెండిటితోనూ ఇంటికి తిరిగి వచ్చేశాను.

ఆ బల్ల కొత్తపేట వెళ్ళాలి. అక్కడ మెయిన్ రోడ్డు మీద ఒక పెద్ద కిరాణా కొట్టుంది. మా అత్తయ్యగారు చేసే కొబ్బరి ఉండలు ఆ కొట్టు గుమ్మం దగ్గర పెట్టి, వచ్చేపోయేవాళ్ళకి రుచి చూపించి అమ్మాలని నా ఆలోచన. డిగ్రీ అయ్యాక అమలాపురంలో ఒక ఆఫీసులో పనిచేసేదాన్ని. పాప పుట్టాక మానేశాను. మానెయ్యమని ఎవరూ అనలేదు. పాప సీసా చూస్తే మొహం తిప్పేసుకుంటుంది, అదొక కారణం. అసలు కారణం నేనే. పాప కళ్ళెదుట లేకపోతే నాకు ఊపిరాడదు. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే రకాన్ని. అలాగని రోజంతా ఇంట్లో ఉంటే, చేతిలో ఉండాల్సిందేదో జారిపోయినట్టుండేది. పాపని దింపకుండా చేసుకోగలిగే పని ఒకటి కావాలి నాకు.

కొట్టాయన మంచివాడే, కానీ ఉన్నమాట ముందే చెప్పాడు. “ఒక శనివారం పెట్టుకోండమ్మా, చూద్దాం. కానండీ, మా సరుకు ఆటో ఎప్పుడొస్తదో నాకే తెలీదు. అదొచ్చినప్పుడు గుమ్మం ఖాళీగా ఉండాలి. మీరు పాపని పట్టుకునేవాళ్ళ కోసం వెతుక్కుని, బల్ల సద్ది, పక్కకి లాగేలోపు నా పని ఆగిపోద్ది. అది కుదిరితే ప్రతి శనివారం చోటు మీదే. కుదరకపోతే ఏమనుకోకండి.”

అంటే ఒక చేత్తో పాపని, ఒక చేత్తో కౌంటర్ని ఎత్తగలగాలి. అలాంటి కౌంటరు ఉంటే నాకు పనుంది, లేకపోతే లేదు.

మా ఆయన ఉద్యోగం విశాఖపట్నంలో. సంగతి విని, కంపెనీలవాళ్ళు వాడే మడత కౌంటరు బొమ్మ ఒకటి ఫోన్లో పంపి, ఇలాంటిది కొనేద్దామా అని అడిగారు. ఆ బొమ్మలో దాన్ని ఇద్దరు మగవాళ్ళు చెరోవైపు పట్టుకుని మోస్తున్నారు. “మీరు సెలవు పెట్టి వచ్చి రెండోవైపు పట్టుకుంటారా?” అన్నాను. ఇంకో బొమ్మ పంపలేదు.

అత్తయ్యగారు చర్చిలో పాటల బృందంలో ఉన్నారు. వాళ్ళ కీబోర్డు కింద పెట్టే ఇనప స్టాండు కత్తెరలా తెరుచుకుని మూసుకుంటుంది. దాన్ని అడిగి తెచ్చి, మీద చెక్క పెట్టి చూశాను. నిలబడటం బాగా నిలబడింది. వరండా దాటేసరికే నా భుజం లాగేసింది. పైగా ఆ కత్తెరలో పాప వేలు ఎక్కడ పడుతుందో నాకు ముందే కనబడిపోయింది. ఏ వస్తువు చూసినా నేను ముందు చూసేది అదే. స్టాండు ఆ సాయంత్రమే చర్చికి వెళ్ళిపోయింది. తర్వాత డైపర్లు వచ్చిన అట్టపెట్టెలు అతికించి ఒకటి చేశాను. పువ్వులా తేలిగ్గా ఉంది. రెండు రోజులు ముసురు పట్టేసరికి మెత్తబడి ఒక పక్కకి కూర్చుండిపోయింది. ఒక మూల పాప అప్పటికే నమిలేసింది.

అసలు దారి చూపించింది కొబ్బరి ఎండబెట్టే చాప. అత్తయ్యగారు దాన్ని దులిపి, చుట్టి, గోడవారగా నిలబెట్టారు. పాప దేక్కుంటూ వెళ్ళి దాని అంచు పట్టుకుని లాగింది. పొయ్యి మీద వేయిస్తున్న కొబ్బరి వదిలేసి నేను పరుగెత్తాను. చాప పాప మీద పడలేదు. సగం విచ్చుకుని, నెలవంకలా వంపు తిరిగి, తనంతట తనే నిలబడింది. దాని వెనక నుంచి పాప తల బయటికి పెట్టి నవ్వుతోంది. పిల్లని ఎత్తుకుని దెబ్బలేమైనా తగిలాయేమోనని తడిమాను. తర్వాత చాపని చూశాను. తిన్నగా పెడితే పడిపోయే చాప, వంపు తిరిగితే నిలబడుతోంది. పాపని దింపి, చాపని మళ్ళీ చుట్టి, మళ్ళీ విప్పాను. మళ్ళీ నిలబడింది.

“కొబ్బరి మాడిపోతంది అమ్మాయ్,” అని వంటింట్లోంచి అత్తయ్యగారు కేకేశారు.

“మాడనివ్వండి అత్తయ్యగారూ, ఒకసారి ఇలా రండి,” అన్నాను. ఆవిడతో అలా మాట్లాడటం అదే మొదటిసారి.

అమలాపురంలో ఫ్లెక్సులు కొట్టే షాపులో సన్‌బోర్డు ముక్కలు మిగిలిపోతుంటాయి. చూస్తే చెక్కలా ఉంటుంది, ఎత్తితే అట్టంత బరువుండదు. వాటిని తెచ్చి రెండు వేళ్ళ వెడల్పు బద్దలుగా కోశాను. క్రిస్మస్‌కి చర్చి ముందు కట్టిన పాత ఫ్లెక్సు వెనకవైపున ఆ బద్దల్ని పక్కపక్కనే అతికించాను. మీద పసుపు రంగు గుడ్డ. అత్తయ్యగారు మిషను మీద అంచులు కుట్టారు. విప్పి వంచితే అదే గోడ. పైన పెట్టడానికి, అడుగున పెట్టడానికి అర్ధచంద్రాకారంలో ఒక్కో పలక, మధ్యకి మడిచేలా గుడ్డ మడతబందులు. పలకల అంచు పొడవునా గాడి తీశాను. గోడ అందులో దిగి బిగుసుకుంటుంది. ఊడినా విడిపోకుండా పలకల్ని గోడకి ఒక గుడ్డ పట్టీతో కలిపి కుట్టేశాను. మూలలన్నీ గుండ్రంగా నూరాను, పాప తల తగిలినా నొప్పి పుట్టకుండా. అన్నీ కలిపి చుట్టి పట్టీ బిగిస్తే, చంకలో పెట్టుకునే చాపచుట్ట అయింది.

పాపని ఎత్తుకుని, ఆ చుట్ట ఇంకో చంకలో పెట్టుకుని పెరడంతా తిరిగొచ్చాను. ఎంత సంతోషమేసిందంటే, ఇంకోసారి కూడా తిరిగాను. పక్కింటావిడ గోడ మీంచి చూసి, ఎక్కడికైనా ప్రయాణమా అని అడిగింది.

మావయ్యగారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పరీక్ష పెట్టకుండా దేన్నీ ఒప్పుకోరు. కౌంటరు వరండాలో నిలబెట్టగానే, కండువా సర్దుకుని కొనడానికి వచ్చినవాడిలా గేటు దగ్గర్నించి నడిచొచ్చారు. వస్తూనే మోచెయ్యి కౌంటరు మీద ఆనించి, “ఏ ఊరమ్మా మీది? ఎవరి తాలూకు?” అన్నారు.

నేను జవాబు చెప్పేలోపే కౌంటరు వెనక్కి జారి నా పొట్టకి తగిలింది.

“చూసేవా?” అన్నారు ఆయన. “మనవాళ్ళు నిలబడి ఉండ కొనుక్కుని వెళ్ళిపోతారనుకున్నావా? ముందు మోచెయ్యి ఆనాలి. తర్వాత నీది ఏ ఊరో తెలియాలి, మీ నాన్నగారెవరో తెలియాలి. ఆ తర్వాతే ఉండ.”

“కూర్చోబెట్టకుండా పెట్టడవే తప్పు. కనీసం ఆనుకోనివ్వాలి కదా పాపం,” అన్నారు అత్తయ్యగారు.

మోచెయ్యి ఆనితే నిలబడాలంటే బరువుండాలి. బరువుంటే నేను మొయ్యలేను. దీనితో కొన్నాళ్ళు తల పట్టుకున్నాను. ఒకరోజు పాపకి నీళ్ళు పోస్తూ, నీళ్ళు ఉన్నప్పుడు కదలని తొట్టె, పారబోశాక కాలు తగిలితేనే జరగడం చూసి నవ్వొచ్చింది. బరువుని ఇంటి దగ్గర్నుంచి ఎందుకు మొయ్యాలి? మా వైపు నీళ్ళు దొరకని చోటేది? వెడల్పాటి రెండు ప్లాస్టిక్ క్యాన్లు కొని, అడుగు పలక మీద పట్టీలతో బిగించాను. వెళ్ళేటప్పుడు ఖాళీ, వెళ్ళాక నిండు. మావయ్యగారు ఈసారి రెండు మోచేతులూ ఆనించి మా నాన్నగారి వంశమంతా అడిగారు. కౌంటరు కదల్లేదు.

శనివారం వచ్చింది. మొదటిరోజు ఒక్కదానివే ఎలా వెళ్తావని అత్తయ్యగారు కూడా బయల్దేరారు, ఉండల డబ్బా, స్టీలు చెంబు, గ్లాసులు సంచిలో పెట్టుకుని. కొట్టు పక్కనే తాగేనీళ్ళ ప్లాంటు ఉంది. క్యాన్లలో ఆ నీళ్ళే పట్టించాను. అడుగున బరువుకి ఉండే నీళ్ళకి ఫిల్టరెందుకని అక్కడతను అడిగాడు. పాప ఏం దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది, మూతలు లీకైతే ఆ నీళ్ళు కూడా పెట్టుకుంటుందని చెప్పాను. నా మొహం ఒకసారి చూసి, ఇంకేం అడక్కుండా పట్టాడు.

కౌంటరు నిలబెట్టడం చూసి కొట్టాయన గల్లా వదిలి వచ్చాడు. “నిలబడుద్దా అండీ ఇది?”

“ఆయ్. ఆనుకుని చూడండి,” అన్నాను. ఆనుకున్నాడు. తల ఊపాడు. అంతవరకూ బాగానే ఉంది.

జనం బాగా వచ్చారు. అత్తయ్యగారికి ముక్క తుంచి ఇవ్వడం చేతకాలేదు, మనిషికో ఉండ చేతిలో పెట్టేస్తున్నారు. రుచికి ఇంత ముక్క చాలని నేను చెవిలో చెబితే, “ముష్టి వేసినట్టుంటది, ఊరుకో,” అన్నారు. ఇంతలో పాప ఏడుపు మొదలుపెట్టింది. కొట్టు లోపల బియ్యం బస్తాల వెనక స్టూలు మీద కూర్చుని పాలిస్తున్నాను. బయట అత్తయ్యగారి మాటలు, నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి.

నాకు కనిపించనిది ఏమిటంటే, తెచ్చిన చెంబులో నీళ్ళు అయిపోయాయి. తీపి చేతిలో పెట్టి మంచినీళ్ళు ఇవ్వకపోవడం మా అత్తయ్యగారి జన్మలో లేదు. జనాన్ని వదిలి ప్లాంటుకి వెళ్ళడానికి మనసొప్పలేదు. కాలి దగ్గరే రెండు క్యాన్ల నిండా నీళ్ళున్నాయి, అవి తాగేనీళ్ళేనని ఆవిడకి తెలుసు. మూత తీసి చెంబులోకి వంచారు. మళ్ళీ వంచారు. వచ్చినవాళ్ళందరికీ ఉండ, దాని వెనక గ్లాసుడు నీళ్ళు.

ఆ తర్వాత ఒక భారీ మనిషి వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో కొబ్బరి వ్యాపారుల సంచి. మోచెయ్యి ఆనించి, “ఏ ఊరండీ మీది?” అని మొదలుపెట్టాడు. అత్తయ్యగారి పుట్టినూరు పక్కనే ఆయన చెల్లెలి అత్తవారూరు అని తేలింది. ఆ ఆనందంలో ఆయన రెండో మోచెయ్యి కూడా పెట్టాడు. అత్తయ్యగారు ఆయన కోసం చివరి చెంబు వంచారు.

పెద్ద చప్పుడేం కాలేదు. కొబ్బరాకు రాలినంత చప్పుడు, ఒక “అయ్యబాబోయ్”. నేను పాపతో బయటికి పరుగెత్తుకొచ్చేసరికి ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కౌంటరు గాడిలోంచి ఊడి, దాని అలవాటు ప్రకారం చుట్టుకుపోయి ఆయన ఒళ్ళో ఉంది. లోపలివైపు క్రిస్మస్ శుభాకాంక్షలు పెద్దక్షరాల్లో కనిపిస్తున్నాయి. ఆయన కుడిచెయ్యి పైకెత్తి ఉంది. అందులో ఉండ భద్రంగా ఉంది.

“దెబ్బ తగిలిందా అండీ?” అన్నాను. పాప అక్కడ ఉండి ఉంటే, అన్న ఒక్కమాటే తలలో తిరుగుతోంది.

“దీంతో దెబ్బేంటమ్మా, దిండులా ఉంది. దీన్ని ఏవంటారండీ, కౌంటరంటారా, చాపంటారా?” అని ఉండ నోట్లో వేసుకున్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కొట్టాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నా శనివారాలు అయిపోయాయనుకున్నాను. సరిగ్గా అప్పుడే సరుకు ఆటో హారన్ కొడుతూ వచ్చి ఆగింది.

ఇంక ఆలోచించలేదు. పాప ఎడమ చంకలోనే ఉంది. వంగి, ఆ పెద్దాయన ఒళ్ళోంచి చుట్ట తీసి కుడి చంకలో పెట్టుకుని గుమ్మం పక్కకి జరిగాను. కుట్టేసిన పలకలు, వాటి పట్టీలకి వేలాడుతూ ఖాళీ క్యాన్లు నాతోపాటే వచ్చాయి. డబ్బా అత్తయ్యగారి చేతిలో ఉంది. ఆటోలోంచి మొదటి బస్తా దిగేసరికి గుమ్మంలో మేమెవరం లేము.

సరుకు దిగడం అయ్యాక కొట్టాయన నా దగ్గరికి వచ్చాడు. “పడిపొయ్యిందనుకోండి. కానండీ, తియ్యడం మాత్రం బాగుంది. మళ్ళీ ఒక్కరే నిలబెట్టగలరా?”

పాపని దింపలేదు. ఒంటిచేత్తో పట్టీ లాగాను. గోడ విచ్చుకుంది. అడుగు పలక కాలితో జరిపి గాడిలో కూర్చోబెట్టాను, పై పలక మూసి తట్టాను. పాప కూడా వంగి రెండు చేతులతో తట్టింది. క్యాన్లు నింపడానికి మాత్రం ప్లాంటతను తనే పైపు లాక్కొచ్చాడు. “తాగేవాటికి వేరే డబ్బా పెట్టుకోండమ్మా,” అన్నాడు నీళ్ళు పడుతూ.

“ఆ డబ్బా నేను పెడతాలెండి, మా కొట్టుదే,” అన్నాడు కొట్టాయన. కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, బాగా ఒత్తి మరీ చూసుకున్నాడు. “వచ్చే శనివారం ఇద్దరూ వస్తారా అండీ?”

నాకంటే ముందు అత్తయ్యగారే అందుకున్నారు. “నేను రానండీ. నేనొస్తే మళ్ళీ పడద్ది. మా కోడలొక్కత్తే చూసుకుంటది.”

“ఆయ్,” అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. పాప తిరిగి నా మొహంలోకి చూసింది.