నేను చేయలేదు, నినిల్దు చేశాడు

మా వీరాంజనేయులుకు తాగుడు లేదు, పేకాట లేదు, ఆంధ్రా రాజకీయాల పిచ్చి కూడా లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే. తన ఇంట్లోంచి వచ్చిన ఏ చెక్క వస్తువునీ తాను చేశానని ఒప్పుకోడు. "నేను చేయలేదు, నినిల్దు చేశాడు" అంటాడు. ఇంగ్లండులోని ఈ స్విండన్‌లో మా తెలుగువాళ్ళం రెండువందల మందిమి ఉంటే, ఆ మాట విని పళ్ళు నూరుకోనివాళ్ళు ఒక్కరూ లేరు. అందరికన్నా ఎక్కువ నూరుకున్నది నేను, ఎందుకంటే ఆయన ఉండేది మా పక్కింట్లోనే.

నినిల్దు ఎవరని అడిగే పొరపాటు ఎప్పుడూ చేయకండి. నేను చేశాను. నాలుగేళ్ళ క్రితం వీరాంజనేయులు లండన్‌లో మ్యూజియం చూడ్డానికి వెళ్ళి, అక్కడ కొన్న పుస్తకంలోంచి ఈ దేవుణ్ణి పట్టుకొచ్చాడు. వేల ఏళ్ళ కిందట, ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో వడ్రంగుల దేవుడట. పెద్ద దేవుళ్ళ వరసలో లేడు. చేతిలో గొడ్డలి, చేసేది చెక్కపని, అంతే. గుడికి విగ్రహం చేసిన వడ్రంగి, పని పూర్తవగానే రెండు చేతులూ గుడ్డతో కట్టించుకునేవాడట. చెక్కకత్తితో ఆ చేతులు నరికినట్టు నటించేవారట. అప్పుడు వాడు "ఇది నేను చేయలేదు, నినిల్దు చేశాడు" అని ఒట్టు వేసేవాడట. ఇదంతా వీరాంజనేయులు నాకు చెప్పింది చెత్త బిన్లు బయట పెట్టేటప్పుడు, సన్నటి వానలో నిలబెట్టి, ముప్పావుగంట సేపు. మా ఆవిడ గిరిజ లోపలి నుంచి రెండుసార్లు ఫోన్ చేసింది.

మనకు విశ్వకర్మ ఉండగా ఎక్కడో ఇరాక్ దేవుడెందుకని అడిగాను.

"విశ్వకర్మకు భక్తులు బోలెడు మంది శ్రీకాంత్. ఈయనకు నేనొక్కణ్ణే" అన్నాడు.

పగలంతా ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ చూసుకునే మనిషి ఈ మాట అంటే ఏం చెప్తాం? గ్యారేజీలో ఆ దేవుడికి ఒక గూడు కట్టాడు. రోజూ నాలుగు ఖర్జూరాలు నైవేద్యం పెట్టి, కాసేపు ఆగి తనే తినేవాడు. ఆ గ్యారేజీలోకి మాత్రం ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. పని సాగేటప్పుడు అన్యులు చూడకూడదని నియమమట. ఆ నియమం పుస్తకంలో ఉందో ఆయనే పెట్టుకున్నాడో నేను అడగలేదు, ఇంకో ముప్పావుగంట వినే ఓపిక లేక.

వంటింట్లో డబ్బాలకు చోటు చాలడం లేదని గిరిజ ఒకసారి ఆయన ముందు నోరు జారింది. మూడు వారాల్లో షెల్ఫ్ వచ్చింది. రెండు చివర్లా చిలకలు చెక్కి ఉన్నాయి. నిజం చెప్పాలంటే ముక్కులు, రెక్కలు, ఈకలు అన్నీ ముచ్చటగా ఉన్నాయి. దాన్ని గోడకు బిగించగానే జేబులోంచి మఫ్లర్ తీసి తన చేతులు కట్టమన్నాడు. ఐస్‌క్రీమ్ పుల్లకు అన్నలాంటి చెక్కకత్తి నాకిచ్చి, మణికట్టు మీద మెల్లగా తాకించమన్నాడు. అవతల నా టీ చల్లారిపోతోంది. ఒట్టు అయ్యాక గిరిజ షెల్ఫ్ మీద నిమ్మకాయ పెట్టింది. అది ఎడమవైపు దొర్లుకుంటూ వెళ్ళి కింద సాంబారులో పడింది.

షెల్ఫ్ వంకరగా ఉందన్నాను. తను చేయలేదుగా అన్నాడు. ఈ దేవుడి వల్ల ఆయనకున్న లాభమేమిటో నాకు అప్పుడు తెలిసింది. ఎవరేం తిట్టినా ఇరాక్‌కు పోతుంది, ఈయన దాకా రాదు.

అక్కడితో అయిందా? మా అద్దె ఇంటిని తనిఖీ చేయడానికి ఏజెంటు వచ్చినప్పుడు ఈయన మా సోఫాలోనే ఉన్నాడు. గోడకు కన్నాలు ఎవరు పెట్టారని ఏజెంటు అడిగితే, నేను నోరు తెరిచేలోపు "నినిల్దు" అన్నాడు. వారం తిరక్కుండా ఈమెయిల్ వచ్చింది. మిస్టర్ నినిల్దు పేరు మా అగ్రిమెంటులో లేదనీ, ఆయన మాతోనే ఉంటున్నట్టయితే పాస్‌పోర్టు కాపీ పంపాలనీ. ఆయన మాతో ఉండటం లేదని రాసి ఒప్పించడానికి నాకు ఐదు ఈమెయిళ్ళు పట్టాయి. ఇంకొకరి గృహప్రవేశానికి ఇచ్చిన పీటకు ఒక కాలు పొట్టి. వ్రతానికి దాని మీద కూర్చున్న పెద్దాయన కథ అయ్యేదాకా ఊగుతూనే ఉన్నాడు. అందరూ ఆయనకు భక్తి ఎక్కువైందనుకున్నారు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఈ ఏడాది వినాయకచవితి దగ్గర మాత్రం నా ఓపిక చచ్చింది. తెలుగు సంఘానికి కార్యదర్శిని నేను. వీరాంజనేయులు చెక్క మంటపం ఇస్తానన్నాడు. వద్దంటే కమిటీలో అందరూ నన్నే మొండివాడన్నారు. హాలు వాళ్ళు ఒక ఫారం ఇచ్చారు: మంటపం ఎవరు చేశారు, గట్టిగా నిలుస్తుందా, బాధ్యత ఎవరిది, సంతకం. దాన్ని ఆయనకిస్తే పూర్తిచేసి నేరుగా హాలుకే పంపించాడు. శుక్రవారం హాలు మేనేజరమ్మ నాకు ఫోన్ చేసి, మిస్టర్ నినిల్దు ఫోన్ నంబరు రాయడం మర్చిపోయారంది. సోమవారానికల్లా సరైన ఫారం రాకపోతే బుకింగ్ రద్దు అని మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదకే నాకు ఎక్కువ భయమేసింది. విగ్రహం లెస్టర్ నుంచి బయల్దేరబోతోంది, రెండువందల మందికి పులిహోర పురమాయించాం, ఇప్పుడు హాలు లేదంటే నేను తలెక్కడ పెట్టుకోవాలి?

శనివారం మధ్యాహ్నం కొత్త ఫారం పట్టుకుని, ఈ రోజు ఆయనో నేనో తేలిపోవాలనుకుంటూ వెళ్ళాను. బెల్లు కొట్టలేదు. నియమమూ లేదు గియమమూ లేదని గ్యారేజీ తలుపు పైకెత్తాను.

లోపల మంటపం ముందు ముక్కాలిపీట మీద భీమయ్య గారు కూర్చుని ఉన్నారు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. మార్కాపురంలో జీవితమంతా తలుపులూ ద్వారబంధాలూ చెక్కి, రెండేళ్ళ క్రితం కూతురు సులోచన దగ్గరికి వచ్చారు. చూపు సగం పోయిందని మాకందరికీ తెలుసు. ఒకసారి వేలు కోసుకుని ఆసుపత్రిలో ఆరు గంటలు కూర్చున్నాక, సులోచన ఆయన ఉలులన్నీ దాచేసి ఇక చెక్క ముట్టుకోనని ఒట్టు వేయించుకుందని కూడా తెలుసు. ఆ భీమయ్య గారు ఎడమచేతి బొటనవేలితో స్తంభం తడుముతూ, కుడిచేత్తో ఉలి నడుపుతున్నారు. వేలి కింద చిలక రెక్క లేస్తోంది. మన వీరాంజనేయులు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని స్తంభం కదలకుండా పట్టుకున్నాడు. చేసే పని అంతే.

"కన్ను ఆనదు నాయనా, యేలు ఆనుద్ది" అన్నారు భీమయ్య గారు, ఎవరొచ్చారో తెలియకుండానే.

వీరాంజనేయులు నన్ను బయటికి లాక్కొచ్చాడు. మా షెల్ఫ్ ఎవరిదని అడిగాను. భీమయ్య గారిదే. ఆ పీట? అదీ ఆయనదే. టేపు కనిపించదు, జానతో కొలుస్తారు, అందుకే వంకర. రెండేళ్ళుగా శని, ఆదివారాలు మధ్యాహ్నం పూట టీవీలో ప్రవచనాలు వినడానికని కూతురికి చెప్పి ఇక్కడికి వస్తున్నారు.

"మరి నన్నెందుకిలా చంపుకుతిన్నారు? మీరే చేశానని చెప్పి ఊరుకోవచ్చుగా?"

"ఆయన పని నాదని ఎలా చెప్పమంటావు? అది దొంగతనం కదా. ఆయన చేశాడంటే సులోచన ఆ ఉలి కూడా లాక్కుంటుంది. ఉలి పోతే ఈ పెద్దాయన ఎన్నాళ్ళుంటాడు శ్రీకాంత్? అందుకే నా దేవుడి మీద పెట్టాను. ఆయన ఏమీ అనుకోడు."

వంకరైనా సరిచేయొచ్చుగా అన్నాను. పెద్దాయన వెళ్ళాక తనే ప్రతి కీలూ బిగిస్తాడట, ప్రతి మరా చూస్తాడట, వంకర జోలికి మాత్రం పోడట. మళ్ళీ వచ్చినప్పుడు పెద్దాయన వేలితో తడిమితే తెలిసిపోతుందట.

నాలుగేళ్ళలో మొదటిసారి నాకు ఆ మనిషి మీద కోపం రాలేదు. అది కూడా చిరాగ్గానే అనిపించింది. లోపలికి వెళ్ళి, ఒళ్ళంతా బరువు వేసి మంటపాన్ని తోశాను. అంగుళం కదల్లేదు. ఫారంలో చేసినవారు తెలుగు సంఘం అనీ, బాధ్యత నాదనీ రాసి సంతకం పెట్టాను.

చవితినాడు మంటపం ఎడమవైపు కొంచెం ఒరిగి, రాయిలా నిలబడింది. వినాయకుడు తల పక్కకు వంచి మా మాటలు వింటున్నట్టున్నాడు. పూజయ్యాక సులోచన తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కతే మంటపం దగ్గరికి వచ్చింది. స్తంభం మీది చిలకల్ని చాలాసేపు చూసి నావైపు తిరిగింది.

"ఇది ఎవరు చేశారు అన్నయ్యా?"

అవతల వీరాంజనేయులు పులిహోర ప్లేటు పట్టుకుని బిగుసుకుపోయాడు. కుర్చీలో పెద్దాయన చెవి ఇటే ఉంది. నా నోటి నుంచి ఏం రావాలో అదే వచ్చింది.

"నేను చేయలేదమ్మా. నినిల్దు చేశాడు."

సులోచన ఇంకోసారి చిలక రెక్క మీద వేలు రాసింది.

"అయితే ఆ దేవుడికి చెప్పండి, గ్యారేజీలో ఒక హీటర్ పెట్టుకోమని. ఆయనకు చలి అస్సలు పడదు" అని, తండ్రికి ప్రసాదం తీసుకెళ్ళింది.