బాడుగ పత్రంలో మా మేనత్త

చింతాద్రిపేటలో మా ఇంటి ఓనరు చెడ్డవాడు కాదు, పిరికివాడు. చెడ్డవాడితో అయితే పోట్లాడవచ్చు. బాడుగ పత్రంలో పేరు లేని మనిషి తన ఇంట్లో పడుకుంటే ఆయనకు నిద్ర పట్టేది కాదు.

తొండియార్‌పేటలో మరిది ఇంట్లోంచి వెళ్లగొడితే మా మేనత్త ట్రంకుపెట్టెతో మా గుమ్మం ఎక్కింది. ఆమె భర్త యుద్ధానికి ముందు రంగూన్ వెళ్లాడు. అక్కడ బాంబులు పడ్డాక కబురు లేదు. యుద్ధం ముగిసి పదేళ్లు దాటినా పోయాడని చెప్పినవాళ్లు లేరు, చూశామన్నవాళ్లూ లేరు. అత్త మాత్రం రోజూ స్నానం కాగానే కుంకుమ పెట్టుకునేది. ఎవరేమన్నా ఆ బొట్టు తీయలేదు. ఆమెకు మిగిలింది అదొక్కటే.

ఓనరు ఆమె పేరు చేర్చనన్నాడు. మొగుడున్న ఆడమనిషిని చేర్చుకుంటే రేపు ఆ మొగుడు కూడా వచ్చి దిగుతాడని ఆయన భయం. నాన్న పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. చివరికి ఓనరే దారి చూపించాడు.

"ఆయన చనిపోయినట్టు రాయించండి. అట్టయితే ఆమెని ఈడ ఉండనిస్తా."

చెల్లెలు వీధిన పడకుండా ఉంటే చాలు, కాగితమే కదా అనుకుని నాన్న ఒప్పుకున్నాడు. అత్తకు మాత్రం చెప్పలేదు. అందుకు నాకు ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు.

పత్రాలు రాసే ఆయన మా వసారాలో కూర్చుని అత్తను భర్త పేరు అడిగాడు. ఆమె తన నోటితో ఎలా చెబుతుంది? తల వంచుకుంటే నాన్నే చెప్పాడు. రాయడం అయ్యాక ఆ రాసినాయన పద్ధతి ప్రకారం అందరూ వినేట్టు చదివాడు. 'కీర్తిశేషులు' అన్న మాట వెనకే ఆమె భర్త పేరు వచ్చింది. అత్త నాన్న వైపు చూసింది. నాన్న తలెత్తలేదు. కాసేపటికి ఆమె చెయ్యి చాపి, చూపించిన చోట వేలిముద్ర వేసింది.

ఓనరు సంతోషంగా వెళ్లిపోయాడు. అమ్మ అన్నానికి పిలిస్తే అత్త పెరట్లో మొహం కడుక్కుని వచ్చింది. బోసిపోయిన ఆ నొసలు చూసి అమ్మ ఏడ్చేసింది. కాగితంలో రాస్తే మనిషి పోతాడా అని నాన్న కసిరాడు.

"చదివేటప్పుడు నేను ఆడనే కూర్చోని విన్నా గదన్నా," అంది అత్త. "కాదని ఒక్క మాట అన్లేదు. ఇంక ఏ మొగంతో బొట్టు పెట్టుకునేది?"