హన్నా చేతికందిన స్విచ్చి

కొత్తపేట దాటి ఏటిగట్టు వైపు వెళ్తే వచ్చే ఆ ఊళ్ళో హన్నా చేత జాకెట్టు కుట్టించుకోని ఆడవాళ్లు తక్కువ. మూడేళ్ల వయసులో జ్వరం తగిలి ఆమెకు రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి. చేతులు నేలకు ఊనుకుని డేకుతూ ఇల్లంతా తిరిగేది. వీధివైపు గదిలో చేతిమిషను ముందు కూర్చుంటే పొద్దువాలేదాకా కుడుతూనే ఉండేది. తల్లిదండ్రులు పోయాక అన్న ప్రభాకరరావు, వదిన జ్ఞానమ్మ దగ్గరే ఉంది. వాళ్లిద్దరూ బడిలో టీచర్లు. ఆమెను ఏనాడూ ఒక మాట అన్నవాళ్లు కారు. హన్నాకు ఏ లోటూ లేదని ఊరంతా అనుకునేది. హన్నా కూడా చాలాకాలం అలాగే అనుకుంది.

కాని ఆ ఇంట్లో స్విచ్చిలన్నీ నిలబడ్డ మనిషికి అందే ఎత్తులో ఉండేవి. ఫ్యాను తిరగాలన్నా, లైటు వెలగాలన్నా ఎవరో ఒకరు రావాలి. అన్నావదినలు చర్చిలో పాటల ప్రాక్టీసుకు వెళ్లి ఆలస్యమైతే మసక చీకట్లో సూది పక్కన పెట్టి కూర్చునేది. ఒకసారి కర్రతో నొక్కబోతే పాత స్విచ్చి పగిలి ఊడిపడింది. కరెంటుతో ఆటలొద్దని ప్రభాకరరావు ఆ కర్ర పట్టుకెళ్లి అటక మీద పడేశాడు.

ఎనభై మూడు వానాకాలంలో ఇంటి గోడలు జిల్లుమనడం మొదలుపెట్టాయి. వంటింటి గోడకు చెయ్యి ఆనిస్తే చీమలు పాకినట్టుండేది. ఒకరోజు వాసాల దగ్గర్నుంచి రబ్బరు కాలిన వాసన వచ్చింది. దాంతో ప్రభాకరరావు కొత్తపేట నుంచి బుచ్చిరాజును పిలిపించాడు. చుట్టుపక్కల ఇళ్లకు వైరింగు చేసేది అతనే.

బుచ్చిరాజు నిచ్చెన ఎక్కి పైకప్పు కింద చెక్క బద్దీల వెంట పోయిన వైర్లు చూశాడు. ప్రభాకరరావు తండ్రి హయాంలో వేసినవి. ఎలకలు కొరకగా మిగిలిన తొడుగు ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది.

"మాస్టారండీ, అతుకులేస్తే ఆగేది కాదండీ ఇది. మొత్తం పీకెయ్యాలండి. ఇన్నాళ్లూ ఇల్లంటుకోలేదంటే మీ ప్రార్థన బలమేనండి."

"పీకెయ్యి బాబూ. మళ్లీ నా జన్మలో ముట్టుకోనక్కర్లేకుండా వెయ్యి," అన్నాడు ప్రభాకరరావు.

బుచ్చిరాజు పెన్సిలుతో గదిగదికీ బోర్డులు ఎక్కడొస్తాయో గుర్తులు పెట్టుకుంటూ హన్నా గదిలోకి వచ్చాడు. గుమ్మం పక్కన పాత బోర్డు ఎత్తులోనే గీత గీయబోయాడు.

"అక్కడొద్దండి. ఇక్కడ పెట్టండి," అంది హన్నా. తను కూర్చున్నచోట గోడకు అరచెయ్యి ఆనించి చూపించింది.

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి మాస్టారి వైపు చూశాడు. "అంత కిందనాండి? నేల తుడిస్తే తడిగుడ్డ తగులుద్దండి. పైగా వరదొస్తే ముందు మునిగేది అదేనండి."

"నిజమే కదమ్మా," అన్నాడు ప్రభాకరరావు. "నువ్వడిగితే మేం ఎప్పుడన్నా కాదన్నామా?"

"కాదన్లేదన్నయ్యా. నేనే అడగడం మానేసిన రోజులున్నాయి." హన్నా ఒళ్లో ఉన్న గుడ్డ మడతపెట్టింది. "మొన్న ఎండల్లో వదిన జ్వరంతో పడుకుంది. లేపబుద్ధి కాక ఫ్యాను లేకుండానే కుట్టేను. వీరాయమ్మగారి పట్టుజాకెట్టు మీద చెమట మరకలు పడ్డాయి. కాళ్లు లేవు సరే, చేతులున్నాయి కదా. చేత్తో చేసుకునే పనికి కూడా ఒకర్ని పిలవాలా?"

గుమ్మంలో నిలబడి వింటున్న జ్ఞానమ్మ అంది: "మా ఆడపడుచు చెప్పినచోటే పెట్టండి. వరదొచ్చిన్నాడు చూసుకుందాం."

"ఆయ్," అన్నాడు బుచ్చిరాజు. ఆమె చూపినచోట గీత గీసి, "అయితే ఈ గదికి మెయిను దగ్గర వేరే ఫ్యూజు పెడతానండి. గోదారి పెరుగుతోందని తెలవగానే మాస్టారు అది పీకెయ్యాలండి," అన్నాడు.

పని పూర్తయిన సాయంత్రం హన్నా లైటు వేసింది, ఆర్పింది, మళ్లీ వేసింది. ఎవరూ చూడలేదు. ప్రభాకరరావుకు మాత్రం అలవాటు పోలేదు. చీకటి పడేవేళకు చెల్లెలి గదిదాకా వచ్చి, అప్పటికే లైటు వెలుగుతుంటే వెనక్కి వెళ్లిపోయేవాడు. మనసులో కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా.

హన్నాకూ ఒక వెలితి తెలిసింది. ఇదివరకు స్విచ్చి వెయ్యడానికి వచ్చినవాళ్లు రెండు మాటలు మాట్లాడి వెళ్లేవాళ్లు. ఇప్పుడు ఎవరికీ ఆ గదిలోకి రావలసిన పని లేకపోయింది. కొన్నాళ్లు ఓర్చుకుంది. ఆ తర్వాత తనే పిలవడం మొదలుపెట్టింది. "వదినా, ఇలా రా, కాఫీ ఇక్కడే తాగుదాం." జ్ఞానమ్మ రెండు గ్లాసులూ పట్టుకుని వచ్చి కింద చాప మీద కూర్చునేది. అన్న కూడా పేపరు చేత్తో పట్టుకుని వచ్చి కుర్చీ లాక్కునేవాడు.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి వచ్చింది. ప్రభాకరరావు ముందు ఫ్యూజు పీకాడు. తరవాత హన్నాను నవ్వారు మంచం మీద మోయించి, మెట్ట మీదున్న బడికి చేర్చాడు. నీళ్లు తీశాక ఇంటికొచ్చేసరికి గదిలో నడుమెత్తున బురద గుర్తుంది. బోర్డు నిండా ఒండ్రు.

బుచ్చిరాజు మళ్లీ వచ్చాడు. అతను నోరు విప్పకముందే ప్రభాకరరావు అన్నాడు: "కిందే పెట్టు బాబూ. చెల్లికి అందాలి."

"వద్దన్నయ్యా, ఈసారి పైన పెట్టించు," అంది హన్నా. బడిలో ఉన్న రోజుల్లో ఆమె ఆలోచించుకున్నది అదే. "గోడవారగా ఇటికలతో దిమ్మ కట్టించు. ఒక పక్క ఏటవాలుగా ఉంటే డేకుతూ ఎక్కేస్తాను. దాని మీద కూర్చుంటే బోర్డూ అందుతుంది, మిషనూ తడవదు."

అన్న ఆమెకేసి చూసి, తాపీమేస్త్రి కోసం కబురంపాడు.

దిమ్మ ఆరాక హన్నా దాని మీదికెక్కి మిషను సర్దుకుంది. ఎప్పుడూ నేల మీదనుంచి చూడటంతో కిటికీలో ఆమెకు ఆకాశం, కొబ్బరి మట్టలే కనిపించేవి. ఇప్పుడు వీధి కనిపించింది. సైకిళ్లు, గేదెలు, చంకలో గుడ్డల సంచితో తన ఇంటికే వస్తున్న ఆడవాళ్లు. వాళ్లు గుమ్మం ఎక్కేలోపే టేపు మెళ్ళో వేసుకుని, పేరుపెట్టి పలకరించేది.