రారిటన్‌లో చిల్లుకాణీలు

మొన్న శనివారం మా ఊరి లైబ్రరీలో ఒక మీటింగ్ పెట్టారు. తలుపు మీద అంటించిన కాగితంలో మెటల్ డిటెక్టింగ్ హాబీకి భవిష్యత్తు ఎలా ఉంటుందో చెబుతామని రాసుంది. మీ భవిష్యత్తే ఎంతో తెలియని వయసులో దాని భవిష్యత్తు మీకెందుకండీ అని మా ఆవిడ అంటున్నా వినకుండా వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నాను. గడ్డం కుర్రాడొకడు కొత్త మిషను చూపించాడు. నేల మీద అలా తిప్పితే చాలు, అడుగున ఉన్నది ఏ లోహమో, ఎంత లోతులో ఉందో తెర మీద పడిపోతుందట. ఇంకొన్నాళ్ళకి తవ్వకముందే దాని బొమ్మ ఫోన్‌లో కనిపిస్తుందట. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. లేచి నించుని, "మిషను సంగతి సరే బాబూ, రేపటి రోజున నేలలో పడడానికి ఏముంటుంది? నీ జేబులో ఒక్క నాణెం ఉంటే తీసి చూపించు" అన్నాను. వాడు జేబులు తడుముకున్నాడు. ఒక ఫోను, ఒక కార్డు. హాలంతా నవ్వింది. ఇందులో నవ్వడానికేముంది? మనిషి దగ్గర జారిపోవడానికి ఏమీ లేకపోతే, వెనకాల వచ్చేవాడు ఏం వెతుక్కుంటాడు? ఉడుక్కుంటూ ఇంటికొస్తుంటే కారు వంతెన ఎక్కింది. చెయ్యి దానంతటదే కిటికీ అద్దం దించింది. ఎప్పుడో పోయిన పక్కింటి పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయన వెంటే మా అత్తగారూ వచ్చింది.

డెబ్బైల చివర మేము ఎడిసన్‌లో ఇల్లు తీసుకునేనాటికి ఓక్ ట్రీ రోడ్డు మీద మనవాళ్ళ కొట్టంటూ ఎరగం. కందిపప్పు కావాలంటే న్యూయార్క్ డ్రైవ్ చేయాల్సిందే. మా ఆవిడ డాక్టరు. నేను డాక్టరుగారి భర్తని. స్కూలు మధ్యలో మానేసి, రేడియోలు విప్పి రిపేరు పనీ, వాటితో వచ్చే పుస్తకాలు చదివి ఇంగ్లీషూ నేర్చుకున్నవాణ్ణి. ఆదివారాలు మనవాళ్ళు ఎవరింట్లో కలిసినా, పులిహోర ప్లేటు చేతికి రాకముందే "తమరు ఏ కాలేజీ అండీ?" అనేవారు. ఏ కాలేజీ కాదంటే ప్లేటు వస్తుంది గానీ మాట ఆగిపోతుంది. నన్ను జీవితంలో 'ప్రొఫెసర్' అని పిలిచింది ఒక్క పక్కింటి పెద్దాయనే. అమెరికన్. రైల్వేలో రిటైరయ్యి, పెళ్ళాం పోయి, ఒంటరిగా ఉండేవాడు. ఆయన మెటల్ డిటెక్టర్‌లో తెగిపోయిన వైరుని ఒకసారి నేను అతికించాను. ఆ రోజు నుంచీ నేను ప్రొఫెసర్ని.

ఆ మిషను కుడితి గోలేనికి కర్ర తగిలించినట్టు ఉండేది. చెవులకి హెడ్‌ఫోన్లు, పిడి దగ్గర రెండు మరలు. లోహం తగిలితే కుయ్‌మనేది, అంతే. బంగారమైనా, సోడా డబ్బా మీది రింగైనా ఒకటే కుయ్. మేము తవ్వినవాటిలో ముప్పాతిక భాగం ఆ రింగులే. అయినా ఆ కూతకీ, స్క్రూడ్రైవర్ మొన ఆ వస్తువుకి తగలడానికీ మధ్య ఒక నిమిషం ఉంటుంది చూశారూ, ఆ నిమిషంలో అది ఏదైనా కావచ్చు. ఎవరిదైనా కావచ్చు. ఏ కాలేజీలోనూ చదవని నాలాంటివాడికి ఆ నిమిషమే పెద్ద చదువు.

ఆ రోజుల్లోనే మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చింది. అల్లుడి ఎదుట కూర్చోదు, అల్లుడితో సూటిగా మాట్లాడదు. నేను పక్కనే ఉన్నా, "ఏమే, మీ ఆయన కాఫీ తాగుతారేమో అడగవే" అని కూతుర్ని పంపేది. కారులో కూడా సరిగ్గా నా వెనక సీటులో, నా చూపు పడనిచోట కూర్చునేది. రారిటన్ నది మీద పాత వంతెన ఒకటి ఉండేది, సన్నగా, ఎదుటి కారు దాటేదాకా మనం ఆగాలి. అక్కడికి రాగానే అద్దం దింపేసేది. చలిగాలి రివ్వున నా మెడకి కొట్టేది. దణ్ణం పెట్టుకుంటోందిలే అని నేను మఫ్లరు సర్దుకునేవాణ్ణి.

ఒక ఎండాకాలం చివర నది బాగా తగ్గింది. పెద్దాయన వంతెన కింద బురదలో మిషను తిప్పి, సాయంత్రం మా మెట్ల మీదికి వచ్చి రేకు డబ్బా తెరిచాడు. "ప్రొఫెసర్, ఇవి మీ దేశానివేగా?" చూస్తే చిల్లుకాణీలు! గుప్పెడున్నాయి. నాకు గుండె పొంగింది. యుద్ధకాలంలో లోహానికి కరువొచ్చి మధ్యలో చిల్లు పెట్టి కొట్టారనీ, మా ఊళ్ళో పిల్లల మొలతాళ్ళకి కట్టేవారనీ, తెలిసినదంతా వల్లించాను. ఆయన వింటూ వింటూ అక్కడే కూలబడ్డాడు. జేబులోంచి బూటు తాడుకి గుచ్చిన ఇంకో చిల్లుకాణీ తీశాడు. అరిగి నున్నబడిపోయింది.

అది ఆయన అన్న ఇచ్చింది. యుద్ధంలో ఆ అన్న మన అస్సాంలో విమానాల మెకానిక్కుగా పనిచేసి వచ్చాడట. వచ్చిన కొన్నాళ్ళకే తండ్రితో మాటా మాటా అనుకున్నాడు. మళ్ళీ ఈ గడప తొక్కకన్నాడు తండ్రి. వెళ్ళేముందు ఆ కాణీని తమ్ముడి చేతిలో పెట్టి వెళ్ళినవాడు మళ్ళీ కనబడలేదు. "వాడు తిరిగొచ్చాడు ప్రొఫెసర్. వంతెన దాకా వచ్చాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. ఇంటికి రావడానికి ధైర్యం చాలక, ఇవి నీళ్ళలో వేసి వెళ్ళిపోయాడు" అన్నాడు. ఈ చలికాలం ఇంటికి తాళం పెట్టి, అవతలి ఊళ్ళన్నీ తిరిగి అన్నని వెతుకుతానన్నాడు. గుండెజబ్బు మనిషి. మంచులో ఒక్కడూ కారేసుకుని!

రాత్రి భోజనాల దగ్గర ఈ కథంతా చెప్పాను. వంటింట్లోంచి గరిటె కింద పడిన చప్పుడైంది. "ఏమే, మీ ఆయనకి చెప్పు. అవి నేను వేసినవి" అంది అత్తగారు తలుపు చాటునుంచి. గోదావరి దాటినా, రారిటన్ దాటినా, దాటనిచ్చినందుకు నదికి ఒక నాణెం ఇచ్చుకోవాలట. ఇక్కడి చిల్లర వెయ్యచ్చు కదమ్మా అని మా ఆవిడ అంటే, "అల్లుడిగారి డబ్బు వేసి పుణ్యం నేను మూటగట్టుకోనా?" అంది. ఇంట్లో మూలపడ్డ కాణీలు, తన సొంతమైనవి, అందుకోసమే సంచిలో పోసుకుని తెచ్చుకుందట.

"చెప్పకండి. ఇన్నాళ్ళకి ఆయన మొహంలో వెలుగు వచ్చింది" అంది మా ఆవిడ. నాకూ చెప్పాలనిపించలేదు. అత్తగారు ఒప్పుకోలేదు. "నేను గంగమ్మకిచ్చుకున్నవి ఇంకొకరి దుఃఖంలో దొంగసాక్ష్యం చెబుతుంటే ఊరుకోనా? ఆ పెద్దమనిషి మంచులో పడి చస్తే ఎవరిదే ఆ పాపం?" పొద్దున్నే కొంగు నిండా కప్పుకుని పక్కింటి మెట్లెక్కింది. వెనక్కి తిరిగి, వచ్చాక మొదటిసారి నాతో సూటిగా మాట్లాడింది: "అల్లుడుగారూ, నేనన్నది అన్నట్టు ఇంగ్లీషులో చెప్పండి. మీ కవిత్వం కలపకండి."

"వేసింది మీ అన్న కాదు నాయనా, నేను" అని సంచి ఆయన చేతిలో బోర్లించింది. నేను చెప్పాను. ఆయన సంచిలోది ఒకటి, డబ్బాలోది ఒకటి పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "ఇన్నేళ్ళుగా తవ్వుతున్నవాణ్ణి. అంతకాలం నీళ్ళలో ఉంటే ఇంత శుభ్రంగా ఉండవని నాకు తెలుసు ప్రొఫెసర్. తెలియనట్టు ఉన్నాను" అన్నాడు. సంచి తిరిగిచ్చి తలుపేసుకున్నాడు.

ఆకులన్నీ రాలేదాకా మాతో మాట్లాడలేదు. ఎక్కడికీ వెళ్ళనూ లేదు. ఒకరోజు రేకు డబ్బా పట్టుకుని వచ్చి, "ఇవి ఆవిడవి, ఇచ్చెయ్యి" అన్నాడు. ఈసారి ఆవిడ తలుపు చాటుకి వెళ్ళలేదు. "నదికిచ్చింది ఇంట్లోకి రానివ్వకూడదు. ఎక్కడ తీశాడో అక్కడే వెయ్యమనండి" అంది. ఆయన తెల్లబోయాడు. "తవ్వి తీసినదాన్ని తిరిగి పారేసినవాణ్ణి నేనెక్కడా చూడలేదే!"

అయినా ముగ్గురం వెళ్ళాం. వంతెన మీద నించుని ఆయన ఒక్కొక్కటే వదిలాడు. మధ్యలో ఆగి, "ఇది మా అన్న పేరు మీద వెయ్యచ్చా? వాడు ఎక్కడెక్కడ ఎన్ని నదులు దాటాడో" అని అడిగాడు. వెయ్యమంది. డబ్బా ఖాళీ అయ్యాక, జేబులోంచి ఆ బూటు తాడు కూడా తీసి చెయ్యెత్తాడు. అల్లుడి ఎదుట కూర్చోవడానికే ఒప్పుకోని మా అత్తగారు ముందుకొచ్చి ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. "అది నదిది కాదు. నీకిచ్చింది. దాచుకో." నేను ఇంగ్లీషులోకి మార్చేలోపే ఆయన చెయ్యి దించేశాడు. కళ్ళు తుడుచుకుని, కిందికి చూసి నవ్వాడు. "ఎవడో ఒకడు వీటిని మళ్ళీ తవ్వుతాడు ప్రొఫెసర్. ఏం కథ అల్లుకుంటాడో, పాపం!"

ఆ వంతెన పోయి వెడల్పుది వచ్చింది. ఇప్పుడెవరూ ఎవరికోసం ఆగక్కర్లేదు. నిన్న బ్యాంకుకెళ్ళి చిల్లర అడిగితే, అక్కడి అమ్మాయి లాండ్రీ మిషన్లలో వెయ్యడానికా అని అడిగింది. తిరిగొస్తూ వంతెన మీద అద్దం దించి ఒకటి విసిరాను. స్టీరింగు దగ్గరనుంచి మా ఆవిడ, "గంగమ్మకేనా?" అంది. "గంగమ్మకి సగం. ఆ గడ్డం కుర్రాడి మనవడికి సగం" అన్నాను. వచ్చే కాలం మనల్ని వెతుక్కుంటూ ఇటు వస్తుందో రాదో తెలియదు. వస్తే మాత్రం, అడుగున ఏదో ఒకటి కుయ్‌మనాలి కదా.