కొలతకు నిలబడ్డప్పుడు

“మందులేమైనా వాడుతున్నావా అని డాక్టరమ్మ అడిగితే, ఏమీ లేవండీ అనేశాను తమ్ముడూ,” అంది దర్జీ అక్క, ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని. ఆడమనిషిగా బతకడం మొదలుపెట్టినప్పటి నుంచి, ఏ డాక్టరునూ అడక్కుండా, స్నేహితురాలు చెప్పిన హార్మోన్ మాత్రలు మింగుతోంది. మార్పు ఆలస్యమవుతోందని ఈమధ్య రెట్టింపు చేసింది. ఇప్పుడు ఎడమ పిక్క వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే కాలిపోతోంది. మిషను తొక్కీ తొక్కీ వచ్చిందని డాక్టరమ్మకు చెప్పిందట. ఆమె మిషను తొక్కేది కుడికాలితోనని, పక్క కొట్టువాణ్ణి కాబట్టి నాకు తెలుసు. మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయి వచ్చింది. దాని కొసను వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది.

కొలతలిచ్చేటప్పుడు పొట్ట బిగపట్టేవాళ్లను ఆమె ఊరికే వదలదు. “గాలి వదలమ్మా, రేపు కుట్లు పిగిలితే నన్ను తిట్టకు,” అంటుంది. ఆ మాటే గుర్తుచేశాను. నవ్వబోయి, టేపు కొస వదిలేసింది. “నిజం చెబితే మాత్రలు మానెయ్యమంటుందిరా. మళ్లీ ఆ పాత మనిషినైపోతానేమో. ఈ మాత్రలెక్కువైతే కాల్లో రక్తం గడ్డకడుతుందట, చెప్పకపోతే చచ్చిపోతానేమో.”

చేతిసంచిలోంచి మాత్రల అట్ట తీసి నా చేతిలో పెట్టింది. “నువ్వు ముందెళ్లి ఇది ఆవిడ బల్ల మీద పెట్టు. మా అక్క అబద్ధమాడిందని చెప్పు. వెనకే వస్తాను. తలుపు మాత్రం మూసెయ్యకు.”